దప్పిక అయ్యేదాకా ఆగకండి



మన భాషలో నీళ్లకు రెండు మాటలున్నాయి. కాల్వలో పారేవి, చేలో నిలిచేవి, సముద్రంలో కనిపించేవి అన్నీ నీళ్లే. గొంతులో పోసుకోదగినవి మాత్రం మంచినీళ్లు. ఈ తేడా కృష్ణా డెల్టా శివారున బతికే మనకు బాగా తెలుసు. బందరు చుట్టుపక్కల చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. దివిసీమకు రెండు వైపులా కృష్ణ పాయలు, మూడో వైపు సముద్రం ఉన్నాయి. అయినా కోడూరు, నాగాయలంక వైపు బిందెడు మంచినీళ్ల కోసం ఎదురుచూసే రోజులు వేసవిలో వస్తూనే ఉంటాయి. గుడివాడ దాటి తూర్పుకు వెళితే కనుచూపు మేర చేపల చెరువులు, రొయ్యల చెరువులు. చుట్టూ ఇంత నీరున్నా, మనుషులు తాగవలసినంత తాగడం లేదు.

వేసవి కూటాలు, పిల్లల సెలవుల బైబిలు తరగతులు దగ్గరపడుతున్న ఈ వేళ మేము ఈ సంగతి రాయడానికి కారణముంది. నీళ్లు బాగా తాగాలని తెలియనివారు మన సంఘాల్లో ఎవరూ లేరు. ప్రతి డాక్టరూ చెబుతాడు, ప్రతి అమ్మా చెబుతుంది. తెలిసి కూడా తాగకపోవడానికి చాలాసార్లు కారణం బద్ధకం కాదు. అందుబాటులో నమ్మదగిన నీళ్లు ఉండవు, తాగితే ఒంటికి వెళ్లడానికి చాటు ఉండదు. అందుకే ముందు ఒంట్లో నీరు ఏం చేస్తుందో, అది తగ్గితే ఏమవుతుందో చెప్పి, ఆ తరవాత సంఘంగా మనం చేయగలిగింది ఏమిటో చెబుతాము.

ఒంట్లో నీటి పని

పెద్దవాళ్ల ఒంటి బరువులో సగానికి పైగా నీరే. మగవాళ్లలో సుమారు 60 శాతం, ఆడవాళ్లలో 50 నుంచి 55 శాతం. పుట్టిన బిడ్డలో అయితే దాదాపు ముప్పాతిక వంతు. ఈ నీరంతా పని చేస్తూనే ఉంటుంది. రక్తం పలచగా ఉండి సన్నటి నాళాల్లోకి కూడా పారడానికి, తిన్నది అరిగి పేగుల్లోంచి రక్తంలోకి చేరడానికి, కీళ్లు రాసుకోకుండా కదలడానికి, ఒంటి వేడి చెమటగా బయటికి పోవడానికి నీరే ఆధారం.

మూత్రపిండాల సంగతి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆ రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడగడతాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకే పంపించి, ఒకటి రెండు లీటర్లు మాత్రం మలినాలతో కలిపి మూత్రంగా బయటికి వదులుతాయి. నీళ్లు తక్కువ తాగినా మలినాలు మాత్రం తగ్గవు. వాటిని కొద్దిపాటి నీటిలోనే కరిగించి పంపాలి కాబట్టి మూత్రం చిక్కబడుతుంది, రంగు ముదురుతుంది.

మూత్రం ఒక్కటే కాదు. ఏ పనీ చేయకుండా కూర్చున్నా ఊపిరిలో ఆవిరిగా, చర్మం మీద కనిపించని తడిగా రోజుకు ముప్పావు లీటరు వరకు పోతుంది. ఎండలో బరువు పని చేసేవారికి చెమట రూపంలో గంటకు లీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పోవచ్చు. పోయినదాన్ని ఏ రోజుకారోజు తిరిగి నింపవలసిందే. రేపటికి కావలసిన నీటిని ఈ రోజే తాగి దాచుకునే ఏర్పాటు ఒంట్లో లేదు.

ముందు ఎండేది శివారే

నీరు తగ్గినప్పుడు శరీరం ఏం చేస్తుందో మన రైతులకు వివరించి చెప్పనవసరం లేదు. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే నీరు తగ్గితే ఏమవుతుంది? ఎగువ చేలకు ముందు అందుతుంది, శివారు చేలు ఎండుతాయి. పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమ చివరి ఎకరానికి నీరు చేరాలంటే పైన కాల్వ నిండుగా ఉండాలి. శరీరం కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది. రక్తంలో నీటి పాలు తగ్గగానే మెదడుకు, గుండెకు కొరత రాకుండా చూసుకుని, చర్మానికి, పేగులకు, మూత్రపిండాలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. కాసేపటికైతే ఇది మేలే. అదే రోజూ జరిగితే, ఏళ్ల తరబడి జరిగితే, ఆ భారం మోసేవి ముఖ్యంగా మూత్రపిండాలు.

దప్పిక అనేది ఈ కొరతను తెలిపే గంట. ఆ గంట మోగేసరికి ఒంట్లోంచి కొంత నీరు అప్పటికే పోయి ఉంటుంది, సుమారు ఒంటి బరువులో ఒక శాతం. యాభై కిలోల మనిషికి అది అరలీటరు. నీడన కూర్చున్నవారికి దీనితో ప్రమాదమేమీ లేదు, దప్పికైనప్పుడు తాగితే సరిపోతుంది. ఎండలో పని చేసేవారికి మాత్రం దప్పిక వెంట వెళితే ఎప్పుడూ వెనకబడే ఉంటారు. కొరత రెండు శాతం దాటితే తలనొప్పి, చిరాకు, మందకొడితనం మొదలవుతాయి. చేసే పని మీద మనసు నిలవదు. ఇంకా తగ్గితే గుండె దడ, లేవగానే కళ్లు తిరగడం, కండరాలు పట్టేయడం కనిపిస్తాయి.

పెద్ద వయసువారి విషయంలో ఇంకొక చిక్కు ఉంది. అరవై దాటాక ఆ గంటే సరిగా మోగదు. ఒంట్లో నీరు తగ్గినా దప్పిక అనిపించదు. నీటిని పొదుపు చేసే శక్తి కూడా మూత్రపిండాలకు వయసుతో తగ్గుతుంది. దీనికి తోడు బీపీ కోసం, గుండె కోసం మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు వాడేవారు ఉంటారు. షుగరు అదుపులో లేనివారికి మూత్రంలో నీరు మరీ ఎక్కువగా పోతుంది. ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో మధ్యాహ్నం వేళ మగతగా ఉండి, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబితే “వయసు మీద పడింది” అని వదిలేయకండి. ఆ పూట నీళ్లు తాగారా లేదా అని ముందు చూడండి. తాగించినా తేరుకోకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఎండకన్నా ఉక్కపోత మోసం

సముద్రం పక్కన ఉన్నాం, రెంటచింతల ఎండలు మనకు లేవు అనుకునేవారు ఉన్నారు. థర్మామీటరులో అంకె అక్కడికంటే తక్కువ ఉండవచ్చు. కానీ ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, పట్టిన చెమట ఆరడం. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. ఒంట్లో నీరూ పోతుంది, వేడీ దిగదు. బందరులో ఉక్కపోత రోజున రెండు విధాలా నష్టమే.

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది వృద్ధులు, ఎండలో కూలిపని చేసుకునేవారు. ఎండలో పని ఆపితే ఆ పూట గడవనివారే ఇలా ముందుగా బలవుతారు. నాట్లకు వంగే ఆడవాళ్లు, గుడివాడలో బస్తాలు మోసే హమాలీలు, గిలకలదిండి నుంచి బోటు మీద రోజుల తరబడి వేటకు వెళ్లేవారు, చిలకలపూడిలో మంట పక్కన కూర్చుని రోల్డుగోల్డు నగలు చేసేవారు, ఇటుక బట్టీలవారు మన సంఘాల్లోనే ఉన్నారు. వారి కోసమే ఈ లెక్క చెబుతున్నాము: వేడిలో పని చేసేటప్పుడు దప్పికతో పని లేకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు తాగాలి. గంటకు లీటరున్నర మించకూడదు. గంటల తరబడి చెమట కారితే ఉప్పు కూడా పోతుంది కాబట్టి మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగో గంజో తీసుకోవాలి.

వడదెబ్బ గుర్తులు కూడా తెలిసి ఉండాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి అయోమయంగా ఉన్నా, స్పృహ తప్పినా అది ప్రాణాపాయం. వెంటనే 108కి ఫోను చేయాలి. బండి వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. మెడకు, చంకలకు, గజ్జలకు తడిగుడ్డలు వేయాలి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందరూ ప్రేమతో చేసే పొరపాటు అదే.

రాళ్లు, మంట, మూత్రపిండాల జబ్బు

చిక్కటి మూత్రంలో లవణాలు పేరుకుని రాళ్లవుతాయి. ఒకసారి రాయి వచ్చినవారికి మళ్లీ రావడం సాధారణం. ఇటలీలో 199 మంది రోగులను ఐదేళ్లు గమనించి 1996లో ప్రకటించిన పరిశోధన ఉంది. నీళ్లు ఎక్కువ తాగినవారిలో నూటికి 12 మందికి రాయి తిరిగి వస్తే, మామూలుగా ఉన్నవారిలో 27 మందికి వచ్చింది. అందుకే రాళ్ల బాధ ఉన్నవారు రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోయేలా నీళ్లు తాగాలని వైద్యులు చెబుతారు.

ఆడవాళ్లకు తరచుగా వచ్చే మూత్రం మంట సంగతి కూడా అంతే. నీళ్లు తక్కువ తాగే అలవాటు ఉండి, ఏడాదిలో పదేపదే ఈ బాధ పడిన 140 మంది స్త్రీలపై చేసిన పరిశోధన 2018లో వెలువడింది. రోజుకు అదనంగా లీటరున్నర తాగినవారిలో ఏడాదికి సగటున 1.7 సార్లు మంట వస్తే, తాగనివారిలో 3.2 సార్లు వచ్చింది. ఖర్చు లేని మందు ఇంత పని చేసింది. నీరు తరచుగా పోతుంటే లోపల చేరిన క్రిములు కూడా దానితో పాటు కొట్టుకుపోతాయి.

ఇంతకంటే లోతైన సంగతి మూత్రపిండాల దీర్ఘకాల జబ్బు. మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు నరికే కూలీలు షుగరు, బీపీ లేకుండానే చిన్న వయసులో మూత్రపిండాలు పాడై చనిపోతూ వచ్చారు. మండే ఎండలో బరువు పని, మళ్లీ మళ్లీ ఒంట్లో నీరు ఎండిపోవడం అందులో ముఖ్యమైన కారణమని పరిశోధకులు గుర్తించారు. కూలీలకు నీళ్లు, విశ్రాంతి, నీడ మూడూ కలిపి ఏర్పాటు చేసే కార్యక్రమాలు అక్కడ మొదలయ్యాయి. మన రాష్ట్రంలో శ్రీకాకుళం ఉద్దానం, పాత కృష్ణా జిల్లాలోని ఎ.కొండూరు మండలం తండాలు ఇదే జబ్బుతో కుంగిపోయాయి. అక్కడ నీటిలోని పదార్థాల మీద, మందుల మీద, వేడి మీద అనుమానాలున్నాయి గాని ఒకే కారణమని తేలలేదు. నీళ్లు తాగితే చాలు, ఆ జబ్బు రాదని మేము చెప్పడం లేదు. ఒళ్లు ఎండిన స్థితిలో నొప్పుల బిళ్లలు మింగి మళ్లీ ఎండలోకి వెళ్లడం మాత్రం మూత్రపిండాలకు హాని అని గట్టిగా చెప్పగలము. నాట్ల రోజుల్లో నడుం నొప్పికి మందుల షాపులో అడిగి బిళ్లలు తెచ్చుకునే అలవాటు మన ఊళ్లలో ఎంత ఉందో మీకే తెలుసు.

ఎంత తాగాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులకు చెప్పే మాట రోజుకు ఎనిమిది గ్లాసులు, అంటే సుమారు రెండు లీటర్లు. ఇది మామూలు రోజుకు, మామూలు పనికి. ఎండలో పని ఉంటే ఇంకా కావాలి. జ్వరం, విరోచనాలు, వాంతులు ఉన్నప్పుడు ఇంకా కావాలి. పాలిచ్చే తల్లికి మామూలుకంటే ముప్పావు లీటరు వరకు అదనంగా కావాలి.

నీళ్లే తాగాలన్న నియమం లేదు. మజ్జిగ, గంజి, రాగి అంబలి, కొబ్బరినీళ్లు, పప్పుచారు, పుచ్చకాయ, దోసకాయ అన్నీ లెక్కలోకి వస్తాయి. టీ, కాఫీ కూడా కొంతవరకు వస్తాయి గాని వాటితోనే కడుపు నింపుకోవడం మంచిది కాదు. షాపులో దొరికే తీపి కూల్‌డ్రింకులు దాహానికి మందు కావు, షుగరు ఉన్నవారికి అవి కీడు. మద్యం ఒంట్లో నీటిని బయటికి తోస్తుంది.

గ్లాసులు లెక్కపెట్టడం కష్టమైతే మూత్రం రంగు చూసుకోండి. లేత గడ్డి రంగులో ఉంటే సరిపోయినట్టు. ముదురు పసుపు నుంచి డికాక్షను రంగుకు తిరిగితే తక్కువైనట్టు. బి-కాంప్లెక్సు బిళ్లలు వేసుకున్న రోజున మాత్రం ఈ గుర్తు పనికిరాదు, ఆ పసుపు బిళ్లదే.

రాత్రి లేవవలసి వస్తుందని వృద్ధులు నీళ్లు మానేస్తారు. పూర్తిగా మానకుండా, పొద్దున్నుంచి సాయంత్రం ఐదారు గంటలలోపే ఎక్కువ భాగం తాగి, ఆ తరవాత తగ్గించుకోవచ్చు.

ఇక ఎక్కువ తాగకూడనివారి సంగతి. గుండె బలహీనంగా ఉండి కాళ్లకు నీరు పట్టినవారు, మూత్రపిండాలు బాగా పాడైనవారు, డయాలిసిస్‌లో ఉన్నవారు డాక్టరు చెప్పిన కొలతకు మించి తాగకూడదు. ఆరోగ్యవంతులు కూడా ఒక్కసారిగా లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి, తల తిరిగి, మూర్ఛ రావచ్చు. మూత్రపిండాలు గంటకు లీటరుకు మించి బయటికి పంపలేవు. పరగడుపున లీటరున్నర తాగితే సకల రోగాలు పోతాయని వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మవద్దు, ఇతరులకు పంపవద్దు. ఆరు నెలలు నిండని బిడ్డకు ఎంత ఎండాకాలమైనా విడిగా నీళ్లు పట్టకూడదు. తల్లిపాలలోనే ఆ బిడ్డకు కావలసిన నీరంతా ఉంటుంది. తల్లికి సరిగా నీళ్లు అందేలా చూడటం ఇంట్లోవారి పని.

ఏ నీళ్లు?

మన దగ్గర తాగమని చెప్పినంత మాత్రాన పని జరగదు, ఏ నీళ్లు తాగాలన్నది వెంటనే వచ్చే ప్రశ్న. వేసవిలో కాల్వలు కట్టేస్తే ఊరి చెరువు, వేసవి నిల్వ చెరువు తప్ప వేరే దిక్కు ఉండదు. బందరు పట్టణానికి తరకటూరు చెరువు అలాంటిదే. చెరువు అడుగంటే కొద్దీ నీరు రంగు మారుతుంది, వాసన వస్తుంది. జనం తాగడం తగ్గిస్తారు, లేకపోతే టిన్ను నీళ్లు కొంటారు. కొనలేని ఇంట్లో గ్లాసులు తగ్గుతాయి, అందులోనూ ఇల్లాలి గ్లాసు ముందు తగ్గుతుంది.

రెండు రకాల చెడుగును వేరుగా చూడాలి. ఒకటి క్రిములు, రెండోది ఉప్పు. బురద నీటిని పటికతోనో చిల్లగింజతోనో తేర్చడం మన పెద్దల పద్ధతి. దానితో మట్టి అడుగుకు దిగుతుంది గాని క్రిములన్నీ చావవు. తేరిన నీటిని తెర్లేలా కాచి చల్లార్చాలి, లేకపోతే ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే క్లోరిన్ బిళ్ల చెప్పిన కొలతలో వేసి అరగంట ఆగాలి. ఉప్పు మాత్రం కాచినా పోదు. ఆవిరయ్యేది నీరే కాబట్టి మిగిలిన నీటిలో ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. దానికి ఆర్వో యంత్రం కావాలి, లేదా కాల్వ నీరో వాన నీరో కావాలి.

ఉప్పునీటిని అలవాటైపోయిందని తాగేయవచ్చా? మనలాంటి డెల్టానే అయిన బంగ్లాదేశ్ తీరంలో దాకోప్ ప్రాంతంలో ఈ ప్రశ్న మీద పని జరిగింది. తాగే నీటి ద్వారానే ఉప్పు ఎక్కువగా చేరుతున్న గర్భిణులలో బీపీ పెరగడం, గుర్రపువాతానికి దారితీసే స్థితి ఎక్కువగా కనిపించాయి. కాబట్టి మీ నీరు ఉప్పగా ఉండి, ఇంట్లో బీపీ రోగి గాని గర్భిణి గాని ఉంటే, ఇంట్లో ఉన్న మంచినీళ్లలో మొదటి గ్లాసు వారిది కావాలి. వాడుకకు ఉప్పునీరు, తాగడానికి, వండటానికి మంచినీరు అని విడదీసుకోవాలి.

నీళ్లు చెడి విరోచనాలు పట్టుకున్నప్పుడు ప్రాణం కాపాడేది ఓఆర్‌ఎస్. ఉప్పు, చక్కెర సరైన పాళ్లలో కలిస్తేనే పేగులు నీటిని వేగంగా లోపలికి తీసుకుంటాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ పద్ధతితో కలరా రోగులను బతికించాడు. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో చదునుగా కొలిచిన ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు కలపండి. అంతకంటే ఎక్కువ వేయకండి. ప్యాకెట్టు కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉందో లేదో చూడండి. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మే తీపి డబ్బాల మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

మరుగు లేకపోతే మంచినీళ్లు లేవు

ఇప్పుడు ఎవరూ బయటికి మాట్లాడని కారణానికి వస్తున్నాము. మన సహోదరీలలో చాలామంది పొలానికి బయలుదేరే ముందు, బస్సు ఎక్కే ముందు, కూటానికి వచ్చే ముందు కావాలనే నీళ్లు తాగరు. అక్కడ చాటు ఉండదు. చదునైన డెల్టా పొలంలో చెట్టు కూడా దూరమే. పొద్దున్న ఏడింటికి దిగి మధ్యాహ్నం దాకా ఒక్క గ్లాసుతో గడిపేస్తారు. బడిలో మరుగుదొడ్డి సరిగా లేని ఆడపిల్లలూ ఇదే చేస్తారు. మూత్రం మంట, రాళ్లు, తలనొప్పి, మలబద్ధకం వీరిలో ఊరికే రావడం లేదు. వీరికి “నీళ్లు బాగా తాగమ్మా” అని చెప్పి ఊరుకుంటే ఆ మాట వారికి భారమే.

మన మందిరాల సంగతి చూసుకుందాం. ఆదివారపు ఆరాధన, తరవాత స్త్రీల సమాజం కలిపితే మూడు నాలుగు గంటలు. రేకుల కప్పు, ఆగిపోయిన ఫ్యాను, నిండిన జనం. మైకు సెట్టుకు, పండుగ లైట్లకు చందాలు లేచిన చోట స్త్రీలకు మరుగుదొడ్డి లేని మందిరాలు ఇంకా ఉన్నాయి. ఉంటే తాళం, తాళం తీస్తే నీళ్లు లేకపోవడం. సంఘ పెద్దలు ఈ మాటను నిందగా కాక విన్నపంగా తీసుకోవాలి.

ఉపవాస ప్రార్థనల గురించి కూడా చెప్పవలసి ఉంది. భోజనం మానడం ఉపవాసం, నీళ్లు కూడా మానాలని సంఘం ఎవరి మీదా మోపకూడదు. ఎస్తేరు మూడు దినాలు అన్నపానాలు మానలేదా అని అడిగేవారుంటారు. అది ఒక జాతి ప్రాణాల మీదికి వచ్చిన గడియలో జరిగిన సంగతి. దాన్ని మే నెలలో షుగరు బిళ్లలు వేసుకునే అరవై ఏళ్ల తల్లికి నియమంగా పెట్టడానికి ఆధారం లేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగరు, బీపీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, వృద్ధులు నీళ్లు మానకూడదు. వారు భోజనం మానే ముందు కూడా డాక్టరును అడగాలి. ఈ మాట కాపరి తానే వేదిక మీద నుంచి చెప్పాలి. లేకపోతే పక్కవారు ఏమనుకుంటారోనని వారు తాగరు. ఏలీయా అలసి, చావే మేలని చెట్టు కింద పడుకున్నప్పుడు దూత అతనికి ముందుగా ఇచ్చింది రొట్టె, నీళ్లు. ముందున్న ప్రయాణం మాట ఆ తరవాతే వచ్చింది.

ఈ వేసవిలో సంఘాలు చేయదగినవి

మొదటిది, మందిరంలో మూత, కుళాయి ఉన్న నీళ్ల డ్రమ్ము. ఎక్కడి నీళ్లో అందరికీ తెలియాలి, వారానికోసారి కడగాలి, ఆ పని ఒకరికి అప్పగించాలి. చెయ్యి ముంచే బిందె వద్దు.

రెండోది, స్త్రీలకు గడియ, నీళ్లు, వెలుతురు ఉన్న మరుగుదొడ్డి. డబ్బు చాలకపోతే ఈ ఏడాది అలంకరణ ఖర్చు దీనికి మళ్లించవచ్చు. సభలు పందిళ్లలో జరిగితే తడికలు కట్టైనా చాటు ఏర్పాటు చేయాలి.

మూడోది, గంటకు మించిన కూటంలో మధ్యలో ఐదు నిమిషాలు నీళ్ల విరామం. పిల్లల తరగతుల్లో పాటకూ పాఠానికీ మధ్య ఇది తప్పనిసరి.

నాలుగోది, రోడ్డు పక్కనున్న మందిరాలు గేటు దగ్గర చలివేంద్రం పెట్టాలి. అడిగినవారిది ఏ మతమో, ఏ పేటో చూడకూడదు. ఒకప్పుడు ఈ సీమలో కొందరిని చెరువు మెట్లు దిగనివ్వలేదు, పై నుంచి దోసిట్లో పోసేవారు. ఆ జ్ఞాపకం మన సంఘాల్లో చాలా ఇళ్లలో ఇంకా ఉంది. అందుకే మన గ్లాసు అందరికీ ఒకటే కావాలి.

ఐదోది, యౌవనస్థులు మధ్యాహ్నం వేళ ఒంటరి వృద్ధుల ఇళ్లకు వెళ్లి ఒక గ్లాసు అందించి రావాలి. “తాగారా?” అని అడిగి వచ్చేస్తే చాలదు. పెద్దవాళ్లు ఎప్పుడూ తాగామనే అంటారు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. బతికి బయటపడ్డవారు ఆ తరవాత వెతుక్కున్నది గుక్కెడు మంచినీళ్లు. మంచినీళ్ల చెరువుల్లో ఉప్పునీరు చేరిపోయింది. బయటి నుంచి నీళ్లు మోసుకొచ్చిన చేతుల వల్ల ఆ ఊళ్లు మళ్లీ నిలబడ్డాయి. ఇప్పుడు మన ముందున్నది అంత పెద్ద ఆపద కాదు. ఒక డ్రమ్ము, ఒక తలుపు, ఒక గ్లాసుతో తీరే కొరత ఇది. వచ్చే ఆదివారం పెద్దల సమావేశంలో ఈ ఐదింటిలో ఒక్కటైనా తీర్మానం చేసి, ఎప్పటిలోగా పూర్తి చేస్తారో అదే రోజు సంఘానికి చెప్పండి.